కెప్టెన్ తెచ్చిన బెండ్లు

మొన్న ఆదివారం చర్చి నుంచి అటే నెల్లూరులో మా అమ్మాయి ఇంటికి భోజనానికి వెళ్ళాను. గేటు తీసేసరికి మా అల్లుడు, ఆఫీసులో పదిమందికి పని చెప్పే మనిషి, లుంగీ ఎగగట్టి చెమటలు కారుస్తూ కొత్తగా తెచ్చుకున్న కుక్కపిల్ల వెనక ఇంటి చుట్టూ పరుగెత్తుతున్నాడు. పిల్ల నోట్లో రబ్బరు బొమిక. పూలకుండీకి ఆనించిన ఫోనులో ఎవరో పెద్దమనిషి, విసిరిన వస్తువును కుక్క చేత తెప్పించుకునే పద్ధతి ఇంగ్లీషులో చెప్పుకుపోతున్నాడు. ఆయన కుక్క ఆయన మాట వింటున్నది. మావాళ్ళ కుక్క మాత్రం అల్లుడు దగ్గరికి వచ్చేదాకా బుద్ధిగా ఆగి, చెయ్యి చాచగానే తుర్రుమంటున్నది. మా అమ్మాయి నన్ను చూసి, "ఇంక నువ్వు కూర్చో, నాన్న వచ్చినాడు," అని మొగుణ్ణి ఆపి, "నాన్నా, నీ కెప్టెన్ కథ ఈయనకి చెప్పు. తుపానులో పడవ తాడు కరుచుకొని ఒడ్డుకి లాక్కొచ్చినాది గదా!" అన్నది.

నా ఈడువాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. వీధి అరుగుల మీద కబుర్లు వింటూ పెరిగినవాళ్ళం, జరిగింది జరిగినట్టు చెబితే విన్నవాళ్ళకు అన్యాయం చేసినట్టే అనుకునేవాళ్ళం. ఆ అన్యాయం నేను ఎవరికీ చెయ్యలేదు. చేప పొడవు చూపించేటప్పుడు నా చేతులు చాలక పక్కవాడి చేతులు కూడా అడిగేవాణ్ణని చెప్పుకునేవారు. మా కుక్క కెప్టెన్ పడవను లాక్కొచ్చిన కథ కూడా అట్లాంటిదే. ఏటేటా పడవ పెద్దదవుతూ, తుపాను ముదురుతూ వచ్చింది. ఆ రోజూ చెబుదామని గొంతు సవరించుకోబోయాను. అయితే నాకంటే ముందు, వరండా సోఫాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మా అక్క గొంతు సవరించుకున్నది. తల ఎత్తలేదు. ఆ చిన్న దగ్గుకే నా చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్ళయినా ఆ వేడి తగ్గలేదంటే, అది ఎట్లాంటి సంగతో మీరే ఊహించుకోండి.

మాది కొడవలూరు పక్క పల్లె. చుట్టూ వరిపొలాలు తప్ప సముద్రమన్నది ఎరగనివాణ్ణి. ఇంటరు రెండోసారి కూడా తప్పాక, చిట్టమూరుకు ఇవతల సముద్రపు ఒడ్డున ఒక పాళెంలో మా బావ పడవల ఇంజన్లు బాగుచేస్తుంటే, ఆయన చలవతో అక్కడి ఐసు డిపోలో నాకు పని దొరికింది. నెల్లూరు నుంచి లారీలో వచ్చిన ఐసు దిమ్మలను ఊకలో కప్పెట్టి, పడవలు రాగానే పగలగొట్టి ఇవ్వడం నా ఉద్యోగం. మిగిలిన పొద్దంతా డిపో ముందున్న టీకొట్టు బల్ల మీద కథలు చెప్పడం నాకు నేను వేసుకున్న ఉద్యోగం. ఆ పాళెంలో అక్కా బావా బయటివాళ్ళు. చేపల వేటకు పోయేవాళ్ళ మధ్య, వాళ్ళ దయమీద, వాళ్ళ బోరింగు నీళ్ళు తాగుతూ కాపురముంటున్నవాళ్ళు. ఆ సంగతి అక్కకు తెలిసినంతగా నాకు తెలియలేదు.

ఒకసారి ఐసు లారీ ఊకలోంచి కుయ్ కుయ్‌మంటూ ఒక కుక్కపిల్ల బయటపడింది. గోధుమరంగు ఒళ్ళు, ఒక చెవి నిలబడి ఒక చెవి వాలి, తోకకంటే పొట్ట పెద్దది. లారీ షెడ్డు పక్క చెత్తకుప్పలోది అయ్యుంటుందని డ్రైవరు నవ్వాడు. నేను మాత్రం టీకొట్టు దగ్గరికి వచ్చేసరికి దాన్ని ఓడరేవులో దిగిన ఒక విదేశీ కెప్టెన్‌గారి కుక్కకు పుట్టిన పిల్లగా మార్చేశాను. దాని తల్లి ఓడ మీంచి నీళ్ళలోకి దూకి, గాలికి ఎగిరిపోయిన కెప్టెన్‌గారి టోపీ పట్టుకొచ్చేదని కూడా చెప్పాను. అందుకే దానికి కెప్టెన్ అని పేరు. తల్లి విద్య పిల్లకూ వచ్చిందని, ఏది విసిరినా తెచ్చి చేతిలో పెడుతుందని నోరు జారాను. వినేవాళ్ళు ఊరుకుంటారా? వేటకు పోని ఒక సాయంకాలం పాళెంలో సగంమంది ఇసుకలో చేరి, చూపించమన్నారు.

విసరడానికి చేతికి దొరికింది బెండు. వల పైఅంచు మునిగిపోకుండా తాడుకు వరసగా కడతారే, ఆ తేలే ముక్క. పాతదొకటి ఇసుకలో పడివుంటే తీసి విసిరాను. కెప్టెన్ బాణంలాగా పోయింది, బెండు కరుచుకున్నది, అక్కడినుంచి ఎడంపక్కకు తిరిగి బోర్లించిన పడవ కిందకు దూరి నమలడం మొదలుపెట్టింది. "తెస్తాది, తెస్తాది, ఓడ మీంచి రావాలగదా, కొంచెం ఆలీసమవతాది," అని ఎవరో అన్నారు. నేను పడవ కింద చెయ్యి పెట్టాను. అది అటునుంచి బయటికొచ్చి పరుగు. నేను వెనక, అది ముందు. తడి ఇసుకలో జారి నేను బోర్లా పడితే, అది బెండు పట్టుకుని నా ముఖం ముందుకొచ్చి కూర్చుని, నేను లేవగానే మళ్ళీ పరుగు. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. ఆ నవ్వు వినలేక, ఒంటినిండా ఇసుకతో, వెనక్కి చూడకుండా అక్క ఇంటివైపు పరుగెత్తాను.

వాకిట్లోకి వచ్చి ఆయాసంతో గడపమీద కూలబడితే, నా పాదం మీద తడిగా ఏదో పడింది. బెండు. ఎదురుగా కెప్టెన్, నాలుక బయటపెట్టి, ఒళ్ళంతా తోకే అయినట్టు ఊగిపోతూ. అప్పటిదాకా నేను దాన్ని తరుముతున్నానని నేననుకుంటే, తనతో ఆడుకుంటున్నానని అది అనుకున్నది. నేను పారిపోయేసరికి ఆట పోతున్నదని వెంటపడి వచ్చింది. కుక్కపిల్లల గురించి నాకు తెలిసిన విద్య అంతా ఆ సిగ్గులోంచి వచ్చిందే.

ఆ తర్వాత దాన్ని ఎన్నడూ తరమలేదు. బెండు విసిరి, అది కరుచుకోగానే నేనే దానికి దూరంగా పరుగెత్తేవాణ్ణి. దగ్గరికి రాగానే నోట్లోది లాక్కోకుండా ముందు మెడకింద గోకి, ఎండు నెత్తళ్ళ చేపొకటి చూపిస్తే తనే వదిలేది. వదలగానే అదే బెండు మళ్ళీ విసిరేవాణ్ణి. ఇస్తే పోయేదేమీ లేదని, ఇస్తేనే ఆట మళ్ళీ మొదలవుతుందని దానికి అర్థమైంది. ఇంకా కావాలి అని అది గంతులేస్తుండగానే ఆపేసేవాణ్ణి. అంతే, కొన్నాళ్ళకు పొద్దున నేను కళ్ళు తెరిచేసరికి బెండు నా చాప పక్కన ఉండేది. ఐసు దిమ్మ పగలగొట్టి చేతులు మొద్దుబారి కూర్చున్నప్పుడు, ఆ వంకర చెవుల పిల్ల అలల అంచున బెండు ఎత్తుకుని, ప్రపంచంలో ఇంతకంటే గొప్ప పని లేదన్నట్టు నావైపు పరుగెత్తి వస్తుంటే కలిగే సంతోషం ఇప్పటికీ నా దగ్గర పదిలంగా ఉన్నది. అది ఒక్కటీ నేను కల్పించినది కాదు.

అక్కడితో ఆగివుంటే బాగుండేది. దానికి బెండంటే ప్రాణమైపోయింది. చెప్పు విసిరితే చూసేది కాదు, కర్ర విసిరితే ముఖం తిప్పుకునేది. అక్క ఒకటి రెండుసార్లు అన్నది, "ఒరే, పాళెమంతా బెండ్లేరా. మనది ఏదో, ఊరోళ్ళది ఏదో దానికేం ఎరిక?" అని. నేను నవ్వేశాను. ఆ తర్వాత నేను విసరని బెండ్లు కూడా రావడం మొదలుపెట్టాయి. పొద్దున్నే వాకిట్లో ఒకటి, మధ్యాహ్నం డిపోలో రెండు. కొన్నిటికి కొరికిన నూలు పోగులు వేలాడుతుండేవి, ఒకదానికి చిన్న ఎర్రగుడ్డ పీలిక. పొలాల ఊరివాణ్ణి, ఆ గుడ్డ ఎందుకో నాకు తెలియదు. కానీ కొరికిన పోగు చూస్తే ఎవడికైనా అనుమానం రావాలి. నాకూ వచ్చింది. వచ్చినదాన్ని ఊకలో ఐసులాగా కప్పెట్టాను, ఎందుకంటే అప్పటికే నాకు కొత్త కథ దొరికింది: కెప్టెన్ తనంతట తానే సముద్రంలోకి ఈదుకుపోయి, తెగిపోయిన వలల బెండ్లు వెతికి తెస్తున్నదని.

కానాగంత చేపలు వలకు బాగా తగులుతున్న కాలం. ఒకరోజు పడవలన్నీ తెల్లవారకముందే వేటకు పోయాయి. ఐసు లారీతోపాటు నెల్లూరు నుంచి కొత్త మనుషులొచ్చారు. వాళ్ళకు చూపించాలని ఆ బెండ్లన్నీ తీసి డిపో ముందు వెదురుగడకు తోరణంలాగా కట్టాను, ఎర్రగుడ్డది అన్నిటికంటే పైన. వాళ్ళు ముక్కున వేలేసుకుని విన్నారు. పొద్దెక్కాక, పాళెమంతా పెద్దమ్మ అని పిలిచే ఒక ఆవిడ ఖాళీ గంప చంకన పెట్టుకుని వచ్చి బల్ల చివర కూర్చున్నది. ఆవిడ కొడుకు పడవ అప్పుడే వచ్చినట్టుంది. ఐసు అడగలేదు, టీ ఒకటి అడిగింది. కొత్త శ్రోత దొరికిందన్న ఆనందంలో ఆవిడ ముఖం నేను చూడనేలేదు. కథ మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాను, ఈసారి కెప్టెన్‌ను కనుచూపు మేర దాటించి, అలల మీద చంద్రవంకలాగా తేలిస్తూ. ఆవిడ టీ తాగుతూ ఆఖరిదాకా విన్నది. గ్లాసు కింద పెట్టి అన్నది:

"కత బాగుండాది అబ్బయా. ఆ పైన యాలాడే బెండుకి కట్టిన ఎర్రగుడ్డ నా పాత రవికెది. నా రవిక సముద్రంలోకి యెట్ట పొయినాదో అది గూడా చెప్పు, ఇని పోతాను."

బల్ల మీద అందరూ ఘొల్లున నవ్వారు. నేనూ నవ్వబోయాను. ఇంతలో ఆవిడ కొడుకు, మరో మనిషి సాయంతో, చిరిగిన వల మోసుకుంటూ అటుగా వచ్చాడు, నవ్వులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఆ పాళెంలో ఏ వల ఎవరిదో తెలియడానికి ఇంటికొక రంగు గుడ్డ చివరి బెండుకు కడతారట. కెప్టెన్ రోజూ పోయింది సముద్రంలోకి కాదు, పెద్దమ్మ గుడిసె వెనక మడతపెట్టిన వల దగ్గరికి. చీకట్లో పడవ ఎక్కించేటప్పుడు ఎవరూ గమనించలేదు. నీళ్ళలో పరిచాక బెండ్లు లేని మేర మునిగి, అడుగున పాత పడవ మొద్దులకు తగులుకుని, లాగేకొద్దీ చిరిగింది. చేపలు ఒడ్డుకు నడిచొస్తున్నట్టున్న ఆ రోజుల్లో ఆ ఇంటికి ఉన్నది ఆ ఒక్క వలే.

సాయంత్రం వలలు దాచుకునే పాకలో పెద్దలు కూర్చున్నారు. బావ తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. అక్క బయట ఆడవాళ్ళ దగ్గర నిలబడితే, ఆవిడ చుట్టూ కొంచెం ఖాళీ వదిలి నిలబడ్డారు వాళ్ళు. ఏం చెబుతావని నన్నడిగారు. అప్పుడైనా నోరు మూసుకోవాలా? నా నోటికి అలవాటైపోయింది. కాలువలోంచి నీరుకుక్కలు వస్తున్నాయని, అవే వల కొరికి ఉంటాయని, కెప్టెన్ పాపం వాటి నోట్లోంచి బెండ్లు లాక్కొచ్చి కాపాడుతున్నదని మొదలుపెట్టాను. వాటి కోరలు ఎంత పొడవో చూపించడానికి చెయ్యెత్తాను కూడా.

జనం కాళ్ళ మధ్యనుంచి దారి చేసుకుంటూ కెప్టెన్ లోపలికి వచ్చింది. నోట్లో కొత్త బెండు, ఇంకా తడి ఆరనిది. తోక ఊపుకుంటూ, ఎవరినీ చూడకుండా తిన్నగా వచ్చి, నా పాదాల దగ్గర పెట్టి, మెడకింద గోకమని తల ఎత్తింది.

"నీరుకుక్క వచ్చినాది, సూడబ్బయా," అన్నాడు పాళెం తీర్పులు చెప్పే ముసలి పెద్దకాపు.

ఎవరూ నవ్వలేదు. నవ్వివుంటే బతికిపోయేవాణ్ణి. ఎక్కడ ఏది దొరికినా తెచ్చి నా కాళ్ళ దగ్గరే పెట్టమని నేర్పింది నేను. అది నేర్చుకున్నది నేర్చుకున్నట్టు చేసింది. ఆ పాకలో అబద్ధమాడింది నేనొక్కణ్ణే.

తీర్పు పెద్దదేమీ కాదు. వల మళ్ళీ నీళ్ళలోకి పోయేదాకా నేను రోజూ పెద్దమ్మ వాకిట్లో కూర్చుని చిరుగులు కుట్టాలి. వల పూర్తయ్యేదాకా టీకొట్టు దగ్గర నా నోట కథ రాకూడదు. ఇక కుక్క: ఈలోగా ఊరి బెండు ఒక్కటి ముట్టినా దాన్ని ఐసు లారీ ఎక్కించి, వచ్చినచోటికే పంపించెయ్యాలి. చెత్తకుప్ప దగ్గరికన్నమాట. ఇంటికి పోయాక అక్క పీట వేసింది. అన్నం పెట్టింది, చేపముక్క కూడా వేసింది. పొద్దున లేచేసరికి, నన్ను పిలవకుండానే, కొంగు బిగించుకుని పెద్దమ్మ ఇంటివైపు నడుస్తున్నది. ఆవిడ వెనక నడిచిన ఆ కాస్త దారి నా జీవితంలో చాలా పొడుగైనది.

చెక్కసూదితో వల కన్నుకు కన్ను కలపడం రెండు మూడు రోజులకు చేతికొచ్చింది. చేతికి రానిది కుక్క చేత బెండు మాన్పించడం. చుట్టూ వల, వలనిండా బెండ్లు, పక్కన గుంజకు కట్టేసిన కెప్టెన్. బెండు కదిలితే చాలు లేచి నిలబడి, విసురు, విసురు అని ఒళ్ళంతా వణికేది. తాడు విప్పినప్పుడల్లా ఎక్కడినుంచో నా పాత బెండు, మొదటి రోజుది, వెతికి తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టేది. నేను ముఖం తిప్పుకోవాలి. తిప్పుకున్నాను. ముక్కుతో ఇంకాస్త దగ్గరికి నెట్టేది. చూడనట్టు వల కుట్టుకునేవాణ్ణి. అటు వదిలి ఇటు తెచ్చిపెట్టేది, తను పెట్టిన చోటు బాగాలేదేమో అనుకుని. కసరలేదు, కొట్టలేదు, కొట్టివుంటే దానికి కోపమైనా వచ్చేది. సంతోషించడం నేర్పినవాణ్ణే, ఆ సంతోషం తప్పని చెప్పకుండా చెబుతున్నాను. ఒకరోజు బెండు తేలేదు. వచ్చి నా పక్కన పడుకుని, ముందుకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని, నన్ను కాకుండా సముద్రాన్ని చూసింది. కొబ్బరి డొక్క విసిరి చూశాను. మర్యాదకు అన్నట్టు దానివైపు ఒకసారి చూసి, మళ్ళీ తల పెట్టేసుకుంది.

వల ముగింపుకు వచ్చిన రోజుల్లో పెద్దమ్మ ఒళ్ళోంచి నూలుండ జారి, దొర్లుకుంటూ వాకిలి దాటింది. కెప్టెన్ లేచింది. అక్క చేతిలో సూది ఆగిపోయింది. అది ఉండను కరుచుకుని, నా ముందునుంచే, నన్ను దాటుకుని పోయి, పెద్దమ్మ పాదాల దగ్గర పెట్టింది. ఆవిడ లాక్కోలేదు. "ఇస్తావా నాయనా?" అని అడిగి, అది వెనక్కి జరిగాక తీసుకుని, ఎండుచేప తలకాయ ఒకటి దాని ముందు పెట్టి, "మీ అయ్యవారికంటే నీకే తెలివుండాది," అన్నది. ఆ వాకిట్లో చాలా రోజుల తర్వాత అందరూ నవ్వారు, అక్క కూడా. నూలుండ మళ్ళీ జారింది. ఈసారి జారలేదు, ఆవిడే వదిలింది.

వల నీళ్ళలోకి పోయింది. పైఅంచున కొత్త ఎర్రగుడ్డ. కెప్టెన్‌ను ఎవరూ లారీ ఎక్కించలేదు. అది పొద్దంతా పెద్దమ్మ వాకిట్లోనే ఉండి నూలుండలు, చీపురు, చివరికి ఆవిడ వక్కాకు సంచి కూడా అందిస్తుండేది. రాత్రికి మాత్రం మా గడప దగ్గర పడుకునేది. నా కోసం మళ్ళీ ఎన్నడూ ఏదీ తేలేదు. మరుసటేడు తడ దగ్గర ఫ్యాక్టరీలో పని దొరికి నేను పాళెం వదిలిన రోజున, లారీ దగ్గరికి వెళుతూ నాకు తెలిసిన ఆ ఒక్క విద్యా వాడాను. వెనక్కి తిరిగి చూస్తూ పరుగెత్తాను. కెప్టెన్ లేచి నిలబడింది. తోక ఊపింది. నాలుగు అడుగులు వేసి ఆగి, పెద్దమ్మ వైపు చూసి, వెనక్కి పోయి ఆవిడ పక్కన కూర్చున్నది. తుపాను, పడవ, తాడు అన్నీ తర్వాత్తర్వాత నేను కట్టినవి. ఆ నాలుగు అడుగులు కనపడకుండా ఉండాలని.

మొన్న కథ చెప్పలేదు. పొట్ట ముందుకు తోసుకొస్తున్నా లెక్కచెయ్యక, అల్లుడి ఎదుట, గేటువైపు పరుగెత్తాను. కుక్కపిల్ల బొమిక కరుచుకుని నా వెనక వచ్చి, నా చెప్పుల మీద పెట్టింది. "ఇస్తావా నాయనా?" అని అడిగి తీసుకున్నాను. అల్లుడు చప్పట్లు కొట్టాడు. అమ్మాయి మళ్ళీ పడవ కథ అడిగితే, ఆకలవుతున్నదన్నాను. అక్క ఒళ్ళో చిక్కుడు ఈనెలు దులుపుకుంటూ లోపలికి పోయింది. ఆవిడ నవ్విందో లేదో చూడటానికి నాకు తల లేవలేదు.

మర్నాడు అక్కను పాళెంలో దింపడానికి వెళ్ళాను. బావ పోయినా ఆవిడ అక్కడే ఉంటున్నది, ఇప్పుడు ఆవిడ చుట్టూ ఖాళీ వదిలేవాళ్ళెవరూ లేరు. పెద్దమ్మ లేదు, ఆ గుడిసె చోట డాబా లేచింది. ఐసు డిపో కూలి గోడలు మాత్రం ఉన్నాయి. ఒడ్డున నడుస్తుంటే అలలు తెచ్చి పడేసిన బెండ్లు కుప్పలుగా ఉన్నాయి, అన్నీ ప్లాస్టిక్‌వి, అన్నీ ఒకే నీలం రంగువి, ఏ వలవో ఏ ఊరివో ఎవరికీ తెలియనివి. తీసుకుపోతే అడిగేవాళ్ళు లేరు, వెదురుగడకు తోరణం కట్టి ఎంత కథైనా చెప్పుకోవచ్చు. ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి గుడ్డ పీలిక కోసం వెతికాను. లేదు. పారేద్దామంటే మనసొప్పలేదు, ఇచ్చేద్దామంటే అడిగే మనిషి లేదు. ఎవరి కాళ్ళ దగ్గర పెట్టాలో తెలియక, దాన్ని పట్టుకుని చాలాసేపు అట్లాగే నిలబడ్డాను.